గాజుల ఇంట్లో దొరికిన మా తల్లి వరస

ఫోను మోగినప్పుడు నేను మెడలో బంతిపూల దండతో దీక్షా శిబిరంలో కూర్చుని ఉన్నాను. తెలంగాణ కోసం సిద్దిపేటలో రోజుకొక వర్గం వాళ్లు రిలే దీక్ష చేస్తున్న కాలం అది. ఒకరోజు వకీళ్లు, ఒకరోజు దర్జీలు, ఒకరోజు ఆటోవాళ్లు. ఆ రోజు జూనియర్ కాలేజీ లెక్చరర్ల వంతు. నేను జువాలజీ చెప్తాను. మైకులో పాట హోరెత్తుతోంది. ఫోనులో మాట వినపడక దండ తీసి చేతిలో పట్టుకుని టెంటు వెనక్కి పోయాను.

"నీ ఉమ్మిల ఏం దొరికిందో తెలుసానే నీకు?" అన్నది నా స్నేహితురాలు.

ఆమె, నేను ఎమ్మెస్సీ కలిసి చదువుకున్నాం. ఆమె హైదరాబాదులో జన్యువుల మీద పనిచేసే ఒక ల్యాబులో చేరింది. నేను పెళ్లి చేసుకుని సిద్దిపేటలో చాక్‌పీసు పట్టాను. అంతకు ముందు ఏడాది లెక్చరర్ల శిక్షణకు హైదరాబాదు వెళ్లినప్పుడు మాలో కొందరిచేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, బుగ్గల లోపల దూదిపుల్లతో రుద్ది, ఆ పుల్లలను గొట్టాల్లో వేసుకుపోయింది. నేను ఆ సంగతే మరిచిపోయాను.

"ఏం రోగమే?" అన్నాను భయపడుతూ.

"రోగం కాదు మొద్దూ! మీ అమ్మ వరస. గసొంటిది మా దగ్గర ఇంకొక్కటే ఉన్నది. బీదర్ల ఎవరిదో. పేరు నాక్కూడ తెల్వదు, ఊరొక్కటే రాసి ఉన్నది. బీదర్ల ఒకరు, సిద్దిపేటల నువ్వు. మధ్యల ఎవ్వరు లేరు."

నేను ఏటా క్లాసులో చెప్పే పాఠమే ఇది. మన డీఎన్‌ఏలో దాదాపు అంతా తల్లిదండ్రులిద్దరి నుంచీ కలగలిసి వస్తుంది. కానీ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలకు సొంతంగా ఒక చిన్న డీఎన్‌ఏ ఉంటుంది. అది తల్లి దగ్గరి నుంచే వస్తుంది. కొడుకులకూ వస్తుంది, కూతుళ్లకూ వస్తుంది. ముందుకు పంపేది మాత్రం కూతుళ్లే. ఎన్నో తరాలకు ఒకసారి దాంట్లో ఒక అక్షరం మారుతుంది. అట్లా మారిన అక్షరాలను బట్టి ఎవరి అమ్మమ్మల వరస ఎవరితో ఎప్పుడు చీలిందో అంచనా వేస్తారు. ఈ పాఠం చెప్పేటప్పుడు వెనక బెంచీవాళ్లు ఆవలించేవాళ్లు. ఆ రోజు టెంటు వెనక నిలబడి అదే పాఠం మళ్లీ వింటూ ఫోను చెవికి గట్టిగా అదిమి పట్టుకున్నాను.

"పది రోజులల్ల ఒక బ్యాచ్ మెషిన్ ఎక్కుతది," అన్నది ఆమె. "గా లోపల మీ అమ్మ దిక్కు ఆడోళ్లవి నాలుగు తెచ్చియ్యి. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన వరసే కావాలె, మధ్యల మొగోడు రావద్దు. ఎంత దూరపు చుట్టమైతే అంత మంచిది."

"బస్సులే నడుస్తలేవు గదనే!"

"గది నీ తిప్పలు."

వారం రోజులకు ఎవరో బైకు మీద వచ్చే మనిషి చేత నాలుగు గొట్టాలు, దూదిపుల్లలు, సంతకాల కాగితాలు పంపింది.

మా అమ్మ అప్పటికే చనిపోయింది. అమ్మమ్మ నా దగ్గరే ఉండేది. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. నేను ఈ కథంతా చెప్తుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"అంటే మొగోళ్ల పేరే ఉండదా గా వరసల?"

"ఉండదు అమ్మమ్మా."

"బాగున్నది," అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది. "మరి నీకు ఇద్దరు మొగపోరగాండ్లేనాయె. నీ కాడనే ఆగిపోతదా?"

నేను ఒక్కతే కూతురిని. అమ్మా ఒక్కతే కూతురు. "ఆగిపోతది," అన్నాను. క్లాసులో ఎన్నోసార్లు అన్న మాటే. ఇంట్లో అంటే వేరుగా ఉంది.

అమ్మమ్మ చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. "అయితే పొద్దుగాల్నే పోదాం నడువు. మా అమ్మమ్మది మిరుదొడ్డి. ముందుగాల గాడికే."

నా స్కూటీ మీద వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో సంచి పట్టుకుని అమ్మమ్మ బయలుదేరింది. ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా రాళ్లు, కాలిన టైర్లు. నలుగురు యువకులు జెండాలు పట్టుకుని ఆపారు.

"ఇయ్యాల బందు అక్కా. ఎటు పోతున్నరు?"

నేను నోరు తెరిచేలోపే అమ్మమ్మ అందుకుంది. "మా అమ్మమ్మను దేవులాడవోతున్నం. రాళ్లు జరుపున్రి!"

ఆ వయసు మనిషి అమ్మమ్మను వెతకడమేమిటని వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాళ్లు మాత్రం జరిపారు.

మిరుదొడ్డిలో మాకు మంచి దెబ్బ తగిలింది. అమ్మమ్మకు అమ్మమ్మ పుట్టిన ఇల్లు అట్లాగే ఉంది, నిండుగా మనుషులున్నారు. చాయ్ ఇచ్చారు, జొన్నరొట్టెలు పెట్టారు. కానీ ఒక్కొక్కరినీ అడుగుతుంటే నాకు విషయం అర్థమైంది. ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరూ కోడళ్లే. వేరే ఊళ్ల నుంచి వేరే వరసలు తెచ్చినవాళ్లే. ఆ ఇంటి ఆడబిడ్డలు పెళ్లిళ్లయి ఎప్పుడో వెళ్లిపోయారు, వాళ్ల జాడ ఇప్పుడెవరికీ తెలియదు. పుట్టింట్లో వరస మిగలదని అప్పటిదాకా నాకు తోచనే లేదు. పెళ్లయిన పిల్లతో పాటే అదీ బండెక్కి పక్క ఊరికి పోతుంది. అక్కడి నుంచి ఆమె బిడ్డతో ఇంకో ఊరికి. ఇన్ని వేల ఏళ్లూ అది నడిచింది అట్లాగే.

ఉత్త చేతులతో లేచాం. పక్కింటి కుమ్మరి అవ్వ అప్పటిదాకా గోడ మీద గడ్డం ఆనించి మమ్మల్నే చూస్తోంది.

"గింత దూరం వస్తిరి. నాదన్న తీస్కపోన్రి," అన్నది.

"అవ్వా, మీరు మాకేం కారు గదా," అన్నాను.

"కాకపోతే నా ఉమ్మి ఉమ్మి కాదా?"

అమ్మమ్మ పకపకా నవ్వింది. అవ్వ మనసు నొప్పించలేక కాగితం చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, ఒక గొట్టం ఆమెకు వాడేశాను. దండగైందని దారిపొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను.

మరునాడు నంగునూరు. అక్కడ మా పెద్దమ్మమ్మ ఉంది. అమ్మమ్మ వాళ్ల అమ్మకు అక్క ఉండేది, ఆమె కూతురు. ఎనభై ఐదు దాటిన మనిషి. చూపు మసకబారింది, మాట మాత్రం గట్టిగా ఉంది. తల్లికి కూతురు, ఆ తల్లి మా అమ్మమ్మ తల్లికి సొంత అక్క. ఇంతకంటే ఖాయమైన వరస ఎక్కడ దొరుకుతుంది? సంబరంగా గొట్టం తీశాను. పెద్దమ్మమ్మ, ఫలితం తనకు చెప్పాలన్న చోట కాగితం మీద గీత పెట్టించుకుని మరీ నోరు తెరిచింది.

పని అయ్యాక అడిగాను. "పెద్దమ్మమ్మా, మీ అమ్మమ్మకు ఇద్దరే బిడ్డలా? ఇంకెవరన్న ఉండెనా?"

"ఇద్దరు ఎక్కడ? ముగ్గురు."

అమ్మమ్మ ఉలిక్కిపడింది. "ముగ్గురెవరే అక్కా? నీ తల్లి, నా తల్లి. గంతే గదా!"

"నీకు చెప్పి ఉండరు. నువ్వు చిన్నదానివి," అని పెద్దమ్మమ్మ మొదలుపెట్టింది. "గత్తర, గా కలరా రోగం, వచ్చిన ఏడు మా అమ్మమ్మ మొగడు సచ్చిపోయిండు. పిల్లలను పట్టుకొని సిద్దిపేటకు కూలికి పోయింది. గాడ పెద్దపిల్లకు గత్తర తలిగింది. గాజులు తొడిగే సాయబుల ఇంటామె గా పిల్లను తన ఇంట్ల పండవెట్టుకొని, గంజి తాపి బతికిచ్చింది. వానలు పడ్డంక అమ్మమ్మ తోల్కపోదామని పోతె పిల్ల రానన్నది. గాజులామె కొంగు ఇడవలేదు. ఏం జేస్తది? ఇడిసిపెట్టి వచ్చింది. గప్పటిసంది మన ఇండ్లల్ల ఏ పెండ్లయినా పెండ్లి గాజులు గా ఇంటికెళ్లే వచ్చేటియి."

అమ్మమ్మ తన మణికట్టు వైపు చూసుకుంది. "నా పెండ్లికి గూడ గాడికెళ్లే తెచ్చిన్రు," అన్నది మెల్లగా. "మంచి గాజులని తెచ్చిన్రేమో అనుకున్న."

తిరుగు దారిలో స్కూటీ నడుపుతుంటే నాకు రోడ్డు కనపడలేదంటే నమ్మండి. అమ్మమ్మ వెనక నుంచి నా వీపు మీద చరుస్తూ "జల్ది పో, జల్ది పో" అంటోంది. ఇంటికి కూడా పోకుండా నేరుగా మార్కెట్టు వెనక గల్లీలోకి పోయాం. గాజుల ఇల్లు అంటే ఎవరైనా చూపిస్తారు. నేను ఆ గల్లీలో ఎన్నిసార్లు నడిచి ఉంటానో.

డెబ్బై ఏళ్ల ఒక పెద్దామె మంచం మీద కూర్చుని గాజులను రంగుల వారీగా దండలు గుచ్చుతోంది. ఆ ఇంట్లో అందరూ ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అనే పిలుస్తారు.

"ఎవరు కావాలె బిడ్డా?"

అమ్మమ్మ మంచం అంచున కూర్చుని సూటిగా అడిగేసింది. "అమ్మా, మీ అమ్మ తల్లి యాడికెళ్లి వచ్చింది?"

"మా నానీయా?" నానీ అసలు తడుముకోలేదు. "ఆమె తెలుగోళ్ల పిల్ల. గత్తర సాల్ మే ఆయీ, గా ఏడే వచ్చింది. మా ఇంట్లనే పెద్దగయింది, గీ ఇంటి కొడుక్కే ఇచ్చి చేసిన్రు. మా అమ్మకు, నాకు గూడ ఇల్లరికమే తెచ్చిన్రు. నమాజు తప్పకపోయేది. ఇసుర్రాయి కాడ కూసుంటె మాత్రం తెలుగు పాటలే. అమ్మీ కోప్పడితె, గీ పాట ఉర్దూల తిరగదు అనేది."

అమ్మమ్మ ఆమె చేయి పట్టుకుంది. చూసుకుంటే అమ్మమ్మ నానీకి చిన్నమ్మ వరస అవుతుంది.

ఇంతలో దుకాణం నుంచి నానీ కొడుకు వచ్చాడు. విషయం విని ముఖం ముడుచుకున్నాడు.

"ఖూన్ కాయ్కు మేడం? రేపు ఎవరు ఏ కాగితం మీద ఏం రాస్తరో మాకేం తెలుసు?"

అతని అనుమానంలో తప్పేమీ లేదు. రక్తం కాదని, గొట్టం మీద పేరుండదని, నంబరు మాత్రమే ఉంటుందని, వద్దంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కాగితంలో ఉన్నదంతా ఉన్నట్టు చదివాను. అతను ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మూతి నాది, ఉమ్మి నాది," అన్నది నానీ. "నువ్వు జరుగు." నోరు తెరిచింది.

పుల్ల గొట్టంలో వేసి మూత బిగిస్తూ, మాట వరసకు అడిగాను. "మీ అమ్మకు అక్కచెల్లెండ్లు ఉన్నరా నానీ?"

"ఒక్కతే చెల్లె. మా ఖాలా. బీదర్ల ఇచ్చిన్రు. ఆమెకు ఆరుగురు ఆడపిల్లలు."

నేను మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. "యాడ? యాడ ఇచ్చిన్రు?"

"బీదర్ అంటున్న గదా! ఏమైంది బిడ్డా?"

నేను బయటికి పరుగెత్తాను. ఆ ఇంటి గల్లీలోనే నిలబడి హైదరాబాదుకు ఫోను చేశాను. "బీదర్" అన్న ఒక్క మాటకే నా స్నేహితురాలు అరిచిన అరుపు పక్క దుకాణం దాకా వినపడి ఉంటుంది. తర్వాత కొంచెం సర్దుకుని, "ఎగురకు. బీదర్ల ఎంతమంది ఉంటరు. మెషిన్ చెప్పనీ," అన్నది. ఆమె గొంతు మాత్రం ఎగురుతూనే ఉంది.

నేను లోపలికి వచ్చేసరికి నానీ మనుమరాళ్లు, కూతుళ్ల కూతుళ్లు, గది నిండా చేరి అమ్మమ్మ చుట్టూ కూర్చున్నారు. అమ్మమ్మ వేలు మడుస్తూ వాళ్లను లెక్కపెడుతోంది. "ఏడుగురే! ఏడుగురు ఆడపిల్లలు!" అని నాకు చెప్పింది. ఆ ముఖంలో అంత వెలుగు అమ్మ పోయాక నేను చూడలేదు.

నాలుగో గొట్టం అమ్మమ్మదే. నాలుగూ ఒక స్టీలు డబ్బాలో పెట్టాను. గడువు ఇంకా ఒక్కరోజే ఉంది. ఆ రోజే హైదరాబాదులో పెద్ద ర్యాలీ. మా లెక్చరర్లు పోతున్న సుమోలో ఎక్కాను. శామీర్‌పేట రాకముందే పోలీసులు బారికేడ్లు పెట్టి జెండాలున్న బండ్లను వెనక్కి తిప్పుతున్నారు. ఒక కానిస్టేబుల్ నా డబ్బా మూత తీయించాడు.

"ఏంది మేడం గివి?"

"ఉమ్మి."

"ఎవరిది?"

"నలుగురు ముసలోళ్లది. ల్యాబుకు పోవాలె. ఇయ్యాలనే ఆఖరు."

సుమోలో వాళ్లు పగలబడి నవ్వారు. కానిస్టేబుల్‌కు కోపం వచ్చినట్టుంది. నేను దిగి, రోడ్డు పక్కన నిలబెట్టి, మొత్తం చెప్పాను. గత్తర సంగతి, గాజుల ఇంటి సంగతి, బీదర్ సంగతి. చెప్తున్న కొద్దీ అతని లాఠీ కిందికి దిగింది.

"మిమ్ముల ఇడ్వలేను మేడం. పైనుంచి ఆర్డర్ ఉన్నది."

"నన్ను వద్దు. డబ్బాను పంపున్రి. అవతల నీలం స్కూటర్ కాడ నా దోస్తు నిలబడ్డది, ఫోను చేస్తె వచ్చింది."

అతను డబ్బాను రెండు చేతులా పట్టుకుని, బారికేడ్ల సందులోంచి దూరి, అటువైపు నడిచాడు. నా స్నేహితురాలు దూరం నుంచే చేతులు రెండూ పైకెత్తి ఊపింది. నేనూ ఊపాను. అతను తిరిగి వచ్చి, "మా అవ్వది దుబ్బాక. ఆమెది గూడ తీస్తరా మేడం ఎప్పుడన్న?" అని అడిగాడు.

ఫలితాలు రావడానికి మూడు నెలలు పట్టింది. బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. నా స్నేహితురాలు ఫోనులో ఒక్క ముక్క చెప్పకుండా తానే బస్సెక్కి వచ్చి, మా ఇంట్లో గచ్చు మీద ఒక పెద్ద కాగితం పరిచింది. చెట్టులాగా గీసిన గీతలు. అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వంగింది.

"గిది మీ అమ్మమ్మ, గిది నువ్వు. గిది నానీ. గిది బీదర్. అక్షరం తేడా లేదు!"

అమ్మమ్మ నా చేయి గట్టిగా నొక్కింది.

"ఆగున్రి, ఇంకున్నది," అని స్నేహితురాలు, పక్కన కొంచెం దూరంగా చీలిన ఒక గీత మీద వేలు పెట్టింది. "గీమె ఎవరు? మిరుదొడ్డి నంబరు."

"కుమ్మరి అవ్వ. మాకేం కాదు," అన్నాను.

"ఎందుకు కాదే! మీ కొమ్మనే. మూడు అక్షరాలు తేడా. అంటే వేల ఏండ్ల కింద మీ ఇద్దరికీ అమ్మమ్మ ఒక్కతే. నేనేమో గీ వరస పడమటి దిక్కు నుంచి బీదర్ మీదుగా గీడికి వచ్చిందనుకున్న. కానీ ఎక్కడ కొమ్మలు ఎక్కువ చీలితే అక్కడే చెట్టు పాతదనుకోవాలె. ఇద్దరిని చూసి గట్టిగ చెప్పలేను. ఇప్పటికైతే గీడి నుంచే గాడికి పోయినట్టు కనవడ్తున్నది."

నేను దండగని గొణుక్కున్న గొట్టం అది. ఆ అవ్వ, మా అమ్మమ్మ వాళ్ల అమ్మమ్మ పక్కపక్క ఇళ్లవాళ్లు. ఒకరింట ఒకరు తిననివాళ్లు. నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. కూర్చుంటే ఆ సంతోషం ఒంట్లో పట్టేటట్టు లేదు.

అప్పుడు నా స్నేహితురాలు గొంతు తగ్గించింది. "ఒక్కటే కలువలేదు. నంగునూరు. అసలు వేరే చెట్టు."

అమ్మమ్మ నమ్మలేదు. "మా అక్కనా? మా అక్క కలువకపోవుడేంది? మల్ల చూడు." గొట్టాలు తారుమారయ్యాయా అని తామూ అనుకున్నామని, రెండోసారి కూడా చూశామని స్నేహితురాలు చెప్పింది.

ఆ వారం నేను నిద్ర సరిగ్గా పోలేదు. పెద్దమ్మమ్మ ఫలితం చెప్పమని గీత పెట్టింది. చెప్పక తప్పదు. ఎనభై ఐదేళ్ల మనిషికి నువ్వు మా రక్తం కాదని ఎట్లా చెప్పాలి? నంగునూరుకు పోయి, ఆమె పక్కన కూర్చుని, అటు తిప్పి ఇటు తిప్పి చివరికి చెప్పాను.

ఆమె బోసినోటితో నవ్వింది. "నాకెప్పుడో తెలుసు."

"తెలుసా?"

"మా అమ్మమ్మ సిద్దిపేటకు పోయినప్పుడు ఇద్దరు పిల్లలను తోల్కపోయింది. ఒకదాన్ని ఇడిసిపెట్టి వచ్చింది. వచ్చేటప్పుడు తొవ్వల, తల్లీదండ్రీ గత్తరకు పోయిన పిల్ల ఏడ్సుకుంట కనవడితె సంకకెత్తుకొని వచ్చింది. గామెనే మా అమ్మ. ఊరోళ్లు ఇద్దరు పోయిన్రు, ఇద్దరు వచ్చిన్రు అనుకున్నరు."

"మరి ఆనాడు ముగ్గురు బిడ్డలని చెప్పినవు గదా!"

"ముగ్గురు బిడ్డలనే చెప్పిన. కడుపున ముగ్గురని చెప్పిన్నా?"

"గప్పుడే చెప్తే నేను గొట్టం వాడకపోదును గదా పెద్దమ్మమ్మా!"

"నువ్వు ఉమ్మి అడిగినవు. ఇచ్చిన. మా అమ్మ యాడ పుట్టిందని అడిగినవా?"

నేను నవ్వుతూనే ఏడ్చాను. అప్పుడు ఆమె నా దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది. "వేరే చెట్టు అన్నవు గదా. ఏ చెట్టు? మా అమ్మ ఎవరి బిడ్డనో గా మెషిన్ల ఏమన్న కనవడ్డదా?"

అది సాధారణంగా దొరికే వరసేనని, ఈ ప్రాంతంలో ఎంతోమందికి ఉంటుందని నా స్నేహితురాలు చెప్పింది. అదే చెప్పాను. "అంటే చుట్టాలు మస్తుమంది ఉన్నట్టే," అని పెద్దమ్మమ్మ తల ఊపింది.

కొన్నాళ్లకు ఉద్యమంలో భాగంగా కరీంనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు పొడుగునా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు, పొగ, డప్పులు. పెద్దమ్మమ్మను ఆటోలో తీసుకొచ్చాం. నానీని మనుమరాళ్లు తీసుకొచ్చారు. అమ్మమ్మ వాళ్లిద్దరి మధ్య తారు రోడ్డు మీద చాప పరుచుకుని కూర్చుంది. మిరుదొడ్డి కుమ్మరి అవ్వకు కబురు పంపితే తన కోడలితో సహా ట్రాక్టరెక్కి వచ్చింది. ఆమెదీ మా కొమ్మేనని నేను చెప్పినప్పుడు, "గందుకే గదా ఇచ్చిన," అన్నది, తనకు ముందే తెలిసినట్టు.

పెద్దమ్మమ్మ చూపు ఆనక నానీ ముఖాన్ని చేత్తో తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం. "మా అమ్మమ్మ గడ్డం గిట్లనే ఉండేది," అన్నది. "నేను చూసిన. గిదే గడ్డం."

నానీ ఆ చేతిని అట్లాగే తన గడ్డం మీద పట్టుకుంది. పొయ్యి దగ్గర నుంచి ఎవరో అన్నం ఉడికిందని కేక వేశారు. నేను విస్తర్లు తేవడానికి పరుగెత్తాను.